గూట్లో పెట్టిన హైపో

అప్పట్లో ఫొటో దిగడం ఒక రోజు పని, దాన్ని చూసుకోవడం ఇంకో రోజు పని. ఆ రెండింటి మధ్యా మనిషి తాను ఎంత అందంగా పడ్డాడో ఊహించుకుంటూ హాయిగా బతికేవాడు. ఇప్పుడు ఆ సుఖం లేదు. నొక్కిన మరుక్షణం మన మొహం మన ముందుకొచ్చి నిలబడుతోంది, తప్పించుకోవడానికి వ్యవధే లేదు. మొన్న కోటబొమ్మాళిలో ఒక పెళ్ళికి వెళితే, అక్కడ డ్రోను ఎగరేస్తున్న కుర్రాడు నేను ఒకప్పుడు డార్క్‌రూమ్‌లో పనిచేశానని విని సంబరపడిపోయి, నాకే ఒక కథ చెప్పాడు. "మీకు తెలుసో లేదో సార్, పాత రోజుల్లో ఇజీనారంలో ఒక షాపాయన ఉండీవోడంట. హైపోలో ఉప్పు కలిపి అమ్మీవోడంట. ఎవులో మొనగాడు ఎల్లి, బజార్లో అందరి ముందూ పట్టీసినాడంట!" నేను తింటున్న బూరె గొంతుకి అడ్డం పడింది. ఎందుకంటే ఆ మొనగాణ్ణి నేనే. ఆ కథని శృంగవరపుకోట నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి స్టూడియోలో టీ తాగుతూ చెప్పినవాణ్ణీ నేనే. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని తెలిసి కూడా ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణీ నేనే. ఆ విజయనగరం షాపాయన ఉప్పు కలపలేదు. జరిగిందేమిటో చెబుతాను, దయచేసి మీరైనా సరిగ్గా గుర్తుపెట్టుకోండి.

మాది పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు పల్లె. ఇంటిల్లిపాదీ వేటకెళ్ళేవాళ్ళలో నేనొక్కణ్ణే పడవెక్కితే కడుపులో తిప్పే రకం కావడంతో నన్ను చదివించారు. బీయస్సీ కెమిస్ట్రీ పాసయ్యాను. (పాసైన మార్కుల సంగతి ఇక్కడ అప్రస్తుతం.) ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటే, ఉప్పుమడులకి పేరున్న నౌపడలో ఉన్న మా అక్క కబురంపింది: "మీ బావ ఫొటో స్టూడియో ఎట్టినాడు, మందులు కలిపీ పని నువ్వు సూస్కో." బావ కూడా బోటు మీదే పుట్టి పెరిగినవాడు. వేటకని గుజరాత్ వెళ్ళి, అక్కడ ఒక ఫొటోగ్రాఫర్ గదిలో అద్దెకుండి ఈ విద్య పట్టుకొచ్చాడు. ఇంటి ముందుగది స్టూడియో, వంటింటి పక్క ఎండుచేపలు దాచే కొట్టు డార్క్‌రూమ్. కిటికీకి నల్ల దుప్పటి కొట్టి, ఎర్రబల్బు పెట్టాడు గానీ, చేపల వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. మా స్టూడియో ఫొటోని ముక్కు దగ్గర పెట్టుకుంటే అది మాదని చెప్పేయొచ్చు. బావ వాళ్ళమ్మ, అంటే నేను అత్తా అని పిలిచే ఆవిడ, చేపల వ్యాపారం చేసేది. పచ్చిచేప అమ్మగా మిగిలింది ఉప్పేసి ఎండబెట్టి సంతకి పంపేది. ఆ ఇల్లు గడిచేది నిజానికి ఆవిడ చేపల మీద, బావ ఫొటోల మీద కాదు.

నేను దిగిన వారం లోపలే ఆ స్టూడియోలో నాణ్యత అనే మాట మోగించేశాను. ఫిల్ము మీద చుక్కలు పడితే బావ "గాలికి ఉప్పుమడుల దుమ్మొస్తాదిరా" అనేవాడు. నేను "కాదు బావా, కంపెనీవాడి లోపం" అనేవాణ్ణి. డెవలపర్ మందు టీ రంగులోకి తిరిగితే బావ "మూత సరిగ్గా ఎట్టలేదేమో" అనేవాడు. నేను "కల్తీ" అనేవాణ్ణి. ఒకసారి రోలంతా పొగ పట్టినట్టు వస్తే, ఫిల్ము తయారుచేసినవాడి దగ్గర్నుంచి మోసుకొచ్చిన లారీవాడి దాకా అందర్నీ తిట్టాను. తర్వాత చూస్తే నేనే దాన్ని తీసుకెళ్ళి ఎండలో, రేకు కప్పు కింద, అరటిపళ్ళ పక్కన పెట్టానట. (అక్క చెప్పింది. బావకి చెప్పలేదు, పాపం.) ప్రపంచంలో ఏ తప్పు జరిగినా అది సరుకులో ఉంటుంది, నా చేతిలో ఉండదు. నా కెమిస్ట్రీ అక్కడికే వచ్చి ఆగింది.

అలాంటి రోజుల్లో మాకొక పెద్ద పని వచ్చింది. ఊళ్ళో హైస్కూలు పదో తరగతి పిల్లలందరికీ హాల్‌టికెట్ ఫొటోలు! అంతదాకా ఆ పని టెక్కలి స్టూడియోకి పోయేది. బావ స్కూలుకెళ్ళి హెడ్మాస్టార్ని బతిమాలి బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ రోజు అన్నం తింటూ అక్క వైపు చూసి అన్నాడు: "ఇది గాని సరిగ్గా సేస్తే ఊళ్ళో మనకి పేరొస్తాది. ఇదీ పోనాదనుకో, ఇంక నా వల్ల కాదే. గుజరాత్ బోటెక్కీస్తాను."  కిందటిసారి బావ అటు వెళ్ళినప్పుడు తుపానులో బోటు దారితప్పి, కబురు తెలియక అక్క ఎలా అయిపోయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. "మా తమ్ముడున్నాడు కదా, వాడు సూస్కుంటాడు" అంది నెమ్మదిగా. నేను ఛాతీ విరుచుకుని ఇంకో ముద్ద కలిపాను.

పిల్లల్ని ఫొటోలు తీశాం, నెగెటివ్‌లు కడిగాం, అద్దంలా వచ్చాయి. అంతలో హైపో అయిపోయింది. ఇప్పటివాళ్ళకి హైపో అంటే తెలియదు కాబట్టి ఒక్క మాట. డెవలపర్ కాగితం మీద బొమ్మని పుట్టిస్తుంది, హైపో ఆ బొమ్మకి ఆయుష్షు పోస్తుంది. హైపోలో ముంచని ఫొటో ఎర్రబల్బు కింద చక్కగానే ఉంటుంది, పగటి వెలుతురు తగిలిందా, మెల్లగా నల్లబడి చచ్చిపోతుంది. చూడ్డానికి హైపో తెల్లటి పలుకులు. మా నౌపడ కల్లుప్పు పక్కన పోస్తే కవలపిల్లలే.

నేను పాసింజర్ బండెక్కి విజయనగరం వెళ్ళాను. ఫొటో సామాన్లు అమ్మే ఆయన్ని అందరూ కళ్ళజోడు మావ అనేవారు. అంత మందం అద్దాల వెనక అంత మెత్తని కళ్ళు నేను మళ్ళీ చూడలేదు. లోపలిది కనిపించే తెల్ల ప్లాస్టిక్ సంచిలో హైపో తూచి, మూతి కట్టి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే నౌపడలో దిగి ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్త చేపల తట్టతో ఎదురొచ్చింది. నేను మర్యాదగా సంచి ఆవిడకి అందించబోయాను. ఆవిడ లోపలి తెల్లపలుకులు చూసి, నిప్పు చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! సేతికియ్యకు బాబూ! గూట్లో ఎట్టు."

నేను పొంగిపోయాను. రసాయనాన్ని ఎంత గౌరవంగా చూస్తోంది! చదువులేని మనిషైనా, ముట్టుకోకూడని వస్తువని ఎలా గ్రహించింది! వంటింటికీ డార్క్‌రూమ్‌కీ మధ్య గోడలో ఉన్న గూట్లో భక్తిగా పెట్టి, "జాగ్రత్త అత్తా" అని కూడా చెప్పి, ప్రయాణపు బడలికతో పడుకున్నాను. ఉప్పు చేతికి చేతికి ఇచ్చుకుంటే గొడవలొస్తాయన్న సంగతి మా పల్లెలోనూ ఉన్నదే, మా అమ్మా పాటించేదే. కానీ నేను తెచ్చింది ఉప్పు కాదని నాకు తెలుసు కదా! నాకు తెలిసింది ఇంటిల్లిపాదికీ తెలుసనుకునే జబ్బు నాది.

నేను నిద్రపోతుండగా జరిగింది ఇది. అత్త, చుట్టపు కుర్రాడు పైఊరి నుంచి ఉప్పు తెచ్చాడని మురిసిపోయి, ఆ సంచి తీసుకెళ్ళి పొద్దుటి చేపలకి పట్టించేసింది. కాసేపటికి ఉప్పుమడుల్లో పనిచేసే ఎదురింటి వదిన, రోజూలాగే అలాంటి ప్లాస్టిక్ సంచిలోనే ఉప్పు తెచ్చి, రోజూలాగే చేతికివ్వకుండా అదే గూట్లో పెట్టి, చేపలు తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను లేచి, గూట్లో సంచి ఉంది కదాని తీసుకుని డార్క్‌రూమ్‌లోకి నడిచాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. హైపో నీళ్ళలో కరిగితే తొట్టి మంచులా చల్లబడుతుంది. ఆ సంగతి నాకు పుస్తకం చెప్పింది, చెయ్యీ చెప్పింది. ఆ రోజు వేలు పెట్టి చూస్తే చల్లబడలేదు. పక్కన బావ, బొమ్మని పెద్దది చేసే ఎన్లార్జర్ తుడుచుకుంటున్నాడు. నేనే గొంతు సవరించుకుని, "వాతావరణంలో ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంది బావా" అని ప్రకటించాను. "నీకు తెలుస్తాది కదరా" అన్నాడు బావ నమ్మకంగా.

ఎర్రబల్బు కింద పిల్లలు ఒక్కొక్కరూ కాగితం మీదకి వస్తుంటే ఎంత సంబరమనుకున్నారు! జడలు, రిబ్బన్లు, నూనె రాసుకున్న తలలు, నవ్వాపుకుంటున్న పెదాలు. బావ ఒక్కో ఫొటోకీ "వొచ్చినాదిరా, వొచ్చినాది!" అని పసిపిల్ల పుట్టినట్టు అరుస్తున్నాడు. కడిగి, ముందుగది తలుపులు మూసి ఆరబెట్టాం. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు ఆత్రం ఆగక వచ్చేశాడు. బావ గర్వంగా తలుపులు బార్లా తీశాడు. ఎండ లోపలికొచ్చి ఫొటోల మీద పడింది.

"భేష్!" అన్నాడు హెడ్మాస్టారు. కాస్త వంగి చూశాడు. "ఏమయ్యా, మా పిల్లలు కొంచెం నీలంగా ఉన్నారేమిటి?"

"ఆరుతున్నప్పుడు అలాగే ఉంటుంది సార్" అన్నాను నేను.

నీలం వంకాయ రంగైంది. వంకాయ చాక్లెట్ రంగైంది. హెడ్మాస్టారు ఒక ఫొటో పైకెత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి, "వీడెవడో గాని చీకట్లో కూర్చున్నాడు" అన్నాడు. ఇంకాసేపటికి మొత్తం తరగతి ఒకే పోలికలోకి వచ్చేసింది. "ఇప్పుడు వీళ్ళలో ఆడపిల్లలెవరయ్యా?" అని అడిగాడు. "సోమవారం పొద్దున్న దరఖాస్తులు పంపాలి. అప్పటికి లేకపోతే టెక్కలివాణ్ణి పిలుస్తాను. పిల్లల పరీక్షలతో ఆటలా?" అని వెళ్ళిపోయాడు.  బావ అటక మీంచి, గుజరాత్ తీసుకెళ్ళిన రేకుపెట్టె దింపి, దుమ్ము దులిపి, మంచం పక్కన పెట్టాడు. అక్క ఆ పెట్టె వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ నిద్రలో వస్తుంది.

నాకు వెర్రెత్తిపోయింది! నీళ్ళు పరీక్షించాను, కాగితం పరీక్షించాను, డెవలపర్ పరీక్షించాను. మిగిలింది హైపో. సంచిలోంచి కాస్త తీసి నీళ్ళలో వేసి, నల్లబడని కాగితం ముక్క ముంచి ఎండలో పెడితే, అది కూడా నల్లబడింది! "బావా, దొరికాడు! కల్తీ!" అని వీధంతా వినపడేలా అరిచాను. అదే సమయంలో పెరట్లో అత్త, చేపల మీద ఈగల్ని తోలుతూ అక్కతో గుసగుసగా ఇంకో కల్తీ గురించి చెబుతోందట. "మీ తమ్ముడు తెచ్చినాడు కదే ఆ పైఊరి ఉప్పు, దాన్లో ఉప్పే లేదే. సేపలు తెల్లగా పాలిపోయి కంపు కొట్టెత్తన్నాయి. కాకి కూడా ముట్టనేదు. పాపం, పేమగా తెచ్చినాడు, వోడితో ఏటీ అనకు." అక్క అనలేదు. ఒకే ఇంట్లో ఒకే రోజున ఇద్దరం సరుకులో నాణ్యత లేదని గోల పెడుతున్నాం. నేను అరుస్తూ, ఆవిడ మర్యాద కోసం మింగుతూ. ఆవిడకి కొంచెం మర్యాద తక్కువుంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు మిగిలిన సంచి చంకన పెట్టుకుని విజయనగరంలో దిగాను. కళ్ళజోడు మావ కొట్లో చుట్టుపక్కల ఊళ్ళ ఫొటోగ్రాఫర్లు నిండుగా ఉన్నారు. నేను బీయస్సీ కెమిస్ట్రీ అని మొదలుపెట్టి, సంచి విప్పి, బల్ల మీద కుమ్మరించి, "దీన్ని హైపో అంటారా?" అని గర్జించాను. మావ కళ్ళజోడు పైకి తోసి, ఒక పలుకు తీసి, నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"ఇది ఉప్పు కదా బాబూ."

"విన్నారా! ఆయన నోటితో ఆయనే చెప్పాడు!"

"నేనిచ్చింది ఇది కాదు బాబూ. ఉప్పమ్మి నేనేటి బాగుపడతాను?"

కానీ ఎవరు వింటారు? కొట్లో ఉన్న ఫొటోగ్రాఫర్లంతా తమ తమ పొట్లాలు విప్పేసి నాలికలు పెట్టడం మొదలెట్టారు. ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు. అంతమంది పెద్దమనుషులు వరసగా నిలబడి, నాలికలు చాపి, మొహాలు వికారంగా పెట్టి! "నాది సేదుగున్నాది." "సేదుగుంటే మంచిదేరా, సంతోషించు." "నాది మొదట సప్పగుండి తర్వాత సేదొస్తన్నాది, ఇదేటంటావు కెమిస్ట్రీ బాబూ?" నేను ప్రతి నాలికకీ తీర్పు చెప్పాను. అన్నీ మంచి హైపోలే అని తేలింది. అయినా ఎవరి అనుమానమూ తీరలేదు. అనుమానానికి రుజువు అక్కర్లేదు, గట్టి గొంతు చాలు. కళ్ళజోడు మావ కొత్త సంచిలో హైపో పోసి నా ముందు పెట్టాడు. "తీసుకెళ్ళు బాబూ. పిల్లల పరీక్షలంటన్నావు" అన్నాడు.

నేను జైత్రయాత్ర ముగించిన వీరుడిలా నౌపడలో దిగి, ఇంట్లోకి అడుగుపెడుతూనే సంచి పైకెత్తాను. "అత్తా! అసలు సరుకు తెచ్చాను!" అత్త ఆ తెల్లపలుకులు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఇక ఆవిడ మర్యాద కట్ట తెగింది.

"బాబూ, నువ్వు బంగారం లాంటోడివి. కానీ నీకు దండమెడతాను, ఇంకెప్పుడూ ఉప్పు తేకు! మొన్న నువ్వు తెచ్చింది సేపలకేసినాను, మొత్తం పాడైపోనాయి."

నేను నిలబడిపోయాను. బావ డార్క్‌రూమ్ తలుపు దగ్గర నిలబడిపోయాడు. మా ఇద్దరి కళ్ళూ ఒకేసారి గూడు వైపు తిరిగాయి. అందులో ఎదురింటి వదిన ఆ పొద్దున పెట్టిన ఉప్పు సంచి, ఏ పాపం ఎరగనట్టు కూర్చుని ఉంది.

"ఒరే బామ్మర్దీ," అన్నాడు మా బావ మెల్లగా, "మనం పిల్లల్ని ఉప్పులో ఊరబెట్టీసినాం. మాయమ్మ సేపలకి ఫొటో కడిగీసింది."

ఆ మాటకి అక్క గోడకి జారగిలబడి నవ్వడం మొదలెట్టింది. పెట్టె దింపిన దగ్గర్నుంచి దాచుకున్న ఏడుపంతా నవ్వులోంచే వచ్చేసింది పాపం. ముందు ఆ చేపల్ని సంతకి పోకుండా ఆపి, ఇసకలో గొయ్యి తీసి పాతిపెట్టాం. తర్వాత ముగ్గురం డార్క్‌రూమ్‌లోకి దూరాం. ఈసారి హైపో వెయ్యగానే తొట్టి చల్లబడింది! నేను వేలు పెట్టాను, బావ వేలు పెట్టాడు, నమ్మకం చాలక అక్క చేత కూడా పెట్టించాం. సోమవారం పొద్దున్న హెడ్మాస్టారు ఫొటోల్ని ఎండలోకి తీసుకెళ్ళి నిలబెట్టి చూశాడు. పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు. ఆడపిల్లలు ఆడపిల్లల్లాగే ఉన్నారు. బావ ఇంటికొచ్చి రేకుపెట్టె మళ్ళీ అటకెక్కించాడు. అది ఇంకెప్పుడూ దిగలేదు.

అప్పుడే నేను విజయనగరం వెళ్ళి నిజం చెప్పాల్సింది. బావ కూడా "ఎల్లరా, సెప్పీరా" అన్నాడు. రేపు, ఎల్లుండి అన్నాను. ఈలోగా నా పేరు స్టూడియోల్లో మోగిపోయింది. కల్తీ పట్టిన కెమిస్ట్రీ బాబు! ఎవరైనా అడిగితే కాదనలేకపోయాను. తర్వాత అడక్కపోయినా చెప్పడం మొదలెట్టాను. చెప్పిన ప్రతిసారీ సంచి కొంచెం పెద్దదైంది, నా గొంతు కొంచెం గట్టిదైంది, కళ్ళజోడు మావ కొంచెం దుర్మార్గుడయ్యాడు. ఆనక నాకు వేరే ఉద్యోగం వచ్చింది, ఫిల్ములు పోయాయి, డార్క్‌రూమ్ మళ్ళీ చేపల కొట్టైంది. కథ మాత్రం నా ప్రమేయం లేకుండా తిరుగుతూనే ఉంది. చివరికి కోటబొమ్మాళి పెళ్ళిలో బూరె తింటుండగా నన్ను పట్టుకుంది.

పెళ్ళి నుంచి నౌపడ వెళ్ళి, అక్క చేత ఒక సంచీడు ఉప్పు కట్టించుకుని, విజయనగరం బండెక్కాను. కొట్టు అదే, సరుకు మారింది. గోడనిండా ఫోను కవర్లు. ముందు ఆయన కొడుకు, వెనక కుర్చీలో కళ్ళజోడు మావ. అద్దాలు ఇంకా మందమయ్యాయి. నేనెవరో చెప్పాను. గూడు, అత్త, చేపలు, ఎర్రబల్బు, అన్నీ చెప్పాను.  అంతా విని ఆయన తలూపాడు.

"ఆ తర్వాత ఎవుడొచ్చినా నాలిక ఎట్టి గానీ కొనీవోడు కాదు బాబూ. నాలికలు సూసి సూసి నాకు ఇసుగొచ్చీసింది. అదీ పరవాలేదు. నాకే అనుమానం పట్టుకున్నాది. గొడౌన్లో బస్తాలన్నీ నేనూ రుచి సూసినాను. మా ఇంటిదాన్ని కూడా అడిగినాను, నువ్వేటైనా కలిపినావేటే అని. సానాళ్ళు నాతో మాటాడనేదు."

 క్షమించమని అన్నానో, అనుకున్నానో తెలియదు. సంచి ముందుకి తీశాను. ఆయన చెయ్యి చాచాడు. నేను చేతికివ్వలేదు.

"వద్దు మావా, ఇది ఉప్పు" అని గాజు బల్ల మీద పెట్టాను.

ఆయన సంచి మూతి విప్పి, ఒక పలుకు తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ఈసారి తీర్పు కోసం నిలబడింది నేను. "ఉప్పే" అన్నాడు. అద్దాల వెనక ఆ మెత్తని కళ్ళు కొంచెం నవ్వాయి. కొడుకుని పిలిచి, "ఒరే, దీని మీద ఉప్పని పేరు రాసి మరీ లోపలెట్టు" అన్నాడు.

ఆ మాట ఆ రోజుల్లో విని ఉంటే నేను నవ్వేసేవాణ్ణి. పేరెందుకండీ, కెమిస్ట్రీ చదువుకున్నవాడికి చూస్తే తెలియదా, అని.